బోర్మా హీటర్ టకటకలాడింది ఎందుకు: ఆప్టిమల్ కంట్రోల్‌లో పరిష్కారం ఉనికి మీద ఒక కేస్ స్టడీ

గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర ఉన్న ఒక చిన్న జీడిపప్పు యూనిట్‌లో జరిగిన పని ఇది. యజమాని తెలుగువారు. పనిలో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ సవరలూ కలిసి ఉంటారు. సరుకు ఎక్కువగా సరిహద్దు దాటి పలాస, కాశీబుగ్గ వైపు వెళ్తుంది. పిక్కల్ని ఆవిరిలో ఉడికించి, కోసి, పప్పు తీసి బోర్మాలో పెడతారు. బోర్మా అంటే ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చిన వేడిగాలి అర. పప్పులో తేమ 5 శాతం లోపుకు దిగితేనే పొట్టు గోటికి ఊడి వస్తుంది. తేమ మిగిలితే పొట్టు అంటుకుపోతుంది. వేడి ఎక్కువైతే పప్పు రంగు మారి, పెళుసెక్కి, పీలింగ్‌లో విరిగిపోతుంది. డబ్ల్యూ 240 రకం విరగని గుండు కావలసింది బద్ద అయితే ధర ఎంత పడిపోతుందో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. అందుకే 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి నిలకడగా ఉంచడం మీదే అందరి ధ్యాస ఉంటుంది.

ఈ యూనిట్‌లో బోర్మాకు కరెంటు హీటర్ ఉంది. దాన్ని ఒక కాంటాక్టర్ ఆన్, ఆఫ్ చేస్తుంది. బయటివాళ్లు పెట్టిన ఒక కంట్రోల్ ప్రోగ్రామ్ షిఫ్టు మొదట్లోనే మొత్తం ప్లాన్ లెక్కగట్టి ఇస్తుంది: ఏ నిమిషంలో హీటర్ వెయ్యాలి, ఏ నిమిషంలో ఆపాలి అని. తప్పు అతి తక్కువయ్యే ఇలాంటి ప్లాన్‌ను లెక్కతో వెతకడాన్నే ఆప్టిమల్ కంట్రోల్ అంటారు. మొదట్లో 10 నిమిషాల ముక్కలుగా లెక్క కట్టారు. ఫలితం బాగా లేదని ముక్కను 5 నిమిషాలకు తగ్గించారు, ఆ తరువాత ఇంకా సన్నం చేశారు. ముక్క చిన్నదైన ప్రతిసారీ స్క్రీన్ మీద ఖర్చు అంకె (రూపాయలు కాదు, ప్లాన్ ఎంత తప్పిందో చెప్పే అంకె) తగ్గింది, కాంటాక్టర్ మాత్రం ఇంకా ఎక్కువసార్లు కొట్టుకుంది. నేను వెళ్లిన రోజు అక్కడి ఎలక్ట్రీషియన్, నాకంటే పెద్దాయన, ప్యానెల్ తలుపు తీసి చూపించాడు. "ఏటి బాబూ, దీనికి కుదురే లేదు. ఇలాగైతే పాయింట్లు మాడిపోతాయి" అన్నాడు. అప్పటికే పాయింట్లు నల్లబడి ఉన్నాయి.

యజమాని అడిగింది సూటి ప్రశ్న: "మాస్టారూ, ఇంకా సన్నగా ముక్కలు చేస్తే ఎక్కడో ఒకచోట కుదురుకుంటుందా?"

కుదురుకోదు. ఎందుకు కుదురుకోదో చెప్పడానికే ఈ రాత.

ఖాళీ అర లెక్క

ముందుగా ట్రేల్లో పప్పు లేకుండా ఒట్టి అరను తీసుకుందాం. బయట గాలి 30 డిగ్రీలు. హీటర్ ఆపకుండా వేసి ఉంచితే అర చివరికి 130 దగ్గర నిలబడుతుంది అనుకోండి. వేడెక్కే వేగానికి టైమ్ కాన్‌స్టంట్, అంటే చివరి ఉష్ణోగ్రతకు ఉన్న దూరంలో సుమారు 63 శాతం చేరడానికి పట్టే సమయం, 20 నిమిషాలు. 70 దగ్గర నిలకడగా ఉండాలంటే హీటర్ శక్తిలో 40 శాతం చాలు. కానీ కాంటాక్టర్‌కు 40 శాతం అనే మాట తెలియదు. దానికి తెలిసింది 0, లేకపోతే 1.

10 నిమిషాల చక్రంలో 4 నిమిషాలు వేసి 6 నిమిషాలు ఆపితే ఉష్ణోగ్రత కింది కొన నుంచి పై కొనకు సుమారు 12 డిగ్రీలు ఊగుతుంది. 5 నిమిషాల చక్రంలో 2 వేసి 3 ఆపితే 6 డిగ్రీలు, రెండున్నర నిమిషాల చక్రానికి 3 డిగ్రీలు. ప్రోగ్రామ్ తగ్గించాలని చూసేది 70 నుంచి ఎంత దూరం పోయామన్న తేడా వర్గాన్ని. ఆ వర్గం సగటు వరసగా 12, 3, 0.75 వస్తుంది. అంటే చక్రం సగమైతే తప్పు నాలుగో వంతు అవుతుంది, స్విచ్చింగులు రెట్టింపవుతాయి. యూనిట్‌లో ప్రోగ్రామ్ లాగ్ తీసి చూస్తే, అర 70కి చేరిన తరువాతి భాగంలో సరిగ్గా ఇదే తీరు కనిపించింది. ఒక లెక్కలో ఖర్చు ఇలా నాలుగో వంతు చొప్పున దిగుతూ స్విచ్చింగులు రెట్టింపవుతూ పోతుంటే, సాల్వర్ (ప్లాన్‌ను వెతికే ప్రోగ్రామ్ భాగం) సెట్టింగులు తిప్పడం ఆపేసి అసలు ఈ లెక్కకు జవాబు ఉందా అని అడగాలి. నా అనుభవంలో ఇంతకంటే నమ్మదగిన గుర్తు లేదు.

ఇక్కడ జవాబు లేదు. రుజువు చిన్నదే. హీటర్ మీట, అంటే హీటర్‌కు ఏ క్షణాన ఎంత వంతు శక్తి ఇవ్వాలో చెప్పే అంకె, 0 నుంచి 1 వరకు ఏ విలువైనా తీసుకోవచ్చు అనుకుంటే సరైన జవాబు చేత్తోనే రాయొచ్చు: మొదటి 10 నిమిషాల చిల్లర ఫుల్, 70 తాకగానే 40 శాతం, ఆపై అంతే. తేడా వర్గం కచ్చితంగా కుంభాకారం (గిన్నెలాంటి వంపు, అడుగు ఒకేచోట ఉంటుంది), వేర్వేరు మీటలకు వేర్వేరు ఉష్ణోగ్రతలు వస్తాయి కాబట్టి ఇంత మంచి జవాబు ఇదొక్కటే. ఆన్-ఆఫ్ ప్లాన్లు చక్రం చిన్నదయ్యేకొద్దీ దీని ఖర్చుకు ఎంత దగ్గరకైనా వస్తాయి. ఏదైనా ఒక ఆన్-ఆఫ్ ప్లాన్ ఆ ఖర్చును నిజంగా అందుకుంటే, అది కూడా 0 నుంచి 1 లెక్కకు జవాబే కావాలి. ఆ లెక్కకు ఉన్నది ఒకే జవాబు, అందులో 40 శాతం ఉంది. కాబట్టి ఏ ఆన్-ఆఫ్ ప్లానూ దాన్ని అందుకోదు. దిగువ హద్దు ఉంది, దాన్ని తాకే ప్లాన్ లేదు.

గణితంలో ఇది కొత్త గొడవ కాదు. కనిష్ఠం ఉండే తీరుతుందని ఊరికే అనుకోవడం మీద జర్మన్ గణితజ్ఞుడు వైయర్‌స్ట్రాస్ 1870లోనే ఉదాహరణతో దెబ్బ కొట్టాడు. ఉనికిని గాల్లో వదిలేసి ముందుకెళ్తే ఏమవుతుందో గణితజ్ఞుడు పెరాన్ పేరుతో చెప్పే చిన్న విడ్డూరం ఒకటుంది. అన్నిటికంటే పెద్ద సహజ సంఖ్య ఏదో ఉందనుకోండి. అది 1 కంటే ఎక్కువైతే దాని వర్గం దానికంటే పెద్దది, అలా కుదరదు. కాబట్టి అన్నిటికంటే పెద్ద సంఖ్య 1. తర్కంలో ప్రతి మెట్టూ సరైనదే, మొదటి ఊహ ఒక్కటే తప్పు. మనం అడ్జాయింట్ సమీకరణం (మీటను కాస్త కదిపితే ఖర్చు ఎంత మారుతుందో చెప్పేది) రాసి, గ్రేడియెంట్ (ఆ మార్పు రేటు) సున్నా చేసి దొరికినదాన్ని జవాబు అంటున్నప్పుడు అదే ఊహ మీద నిలబడి ఉంటాం.

అసలు దోషి ఎక్కడ దొరికింది

ఇంతవరకు చెప్పింది ప్రోగ్రామ్ పెట్టినవాళ్లకూ తెలుసు. "మా మీట 0 నుంచి 1 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, మేం ఆ జాగ్రత్త తీసుకున్నాం" అన్నారు. కోడ్ చూస్తే నిజమే. ఒప్పుకున్న మీటల సమితి కుంభాకారమే (అందులోని రెండు ప్లాన్ల సగటూ అందులోనే ఉంటుంది), సంవృతమే (అందులోని ప్లాన్లు దగ్గరయ్యే ప్లానూ అందులోనే ఉంటుంది). అయినా జవాబులో హీటర్ టకటకా ఆన్-ఆఫ్ అవుతూనే ఉంది.

ఖర్చు ప్రమేయం, అంటే ఖర్చు లెక్కగట్టే సూత్రం, చివర్లో ఒక పదం కనిపించింది. మీట విలువను ఒకటి నుంచి తీసేసి, ఆ మిగులుతో మీటనే గుణించి, షిఫ్టంతా కూడిన పదం. మీట 0 అయినా 1 అయినా అది సున్నా, మధ్యలో ఉంటే జరిమానా. కాంటాక్టర్‌కు మధ్య విలువలు పనికిరావు కాబట్టి జవాబును కొసలకు నెట్టడానికి పెట్టారు. ఉద్దేశం అర్థమయ్యేదే. కానీ 40 శాతం మీద ఇది నిమిషానికి 0.4 ఇంటూ 0.6, అంటే 0.24 జరిమానా వేస్తుంది. వేగంగా ఆన్-ఆఫ్ చేసే ప్లాన్‌కు మాత్రం పైసా జరిమానా లేదు. అంటే తలుపు ముందు నుంచి మూసి వెనక నుంచి తెరిచారు. సమితిని సరిచేసి, ఖర్చును పాడుచేశారు.

ఇది అర్థం కావాలంటే ఉనికి రుజువు ఏ కీళ్ల మీద నడుస్తుందో చూడాలి. ఖర్చు దిగువ హద్దుకు దగ్గరయ్యే ప్లాన్ల అనుక్రమం ఒకటి తీసుకుంటాం. మీటలన్నీ 0కి 1కి మధ్యనే ఉన్నాయి కాబట్టి అది పరిబద్ధం, అంటే విలువలు ఒక హద్దు దాటవు. వర్గ సమాకలనీయ ప్రమేయాల హిల్బర్ట్ అంతరాళంలో (మీటల్లాంటి ప్రమేయాల మధ్య దూరం కొలవగల అనంత పరిమాణాల అంతరాళం) పరిబద్ధ అనుక్రమానికి బలహీనంగా అభిసరించే ఉపానుక్రమం దొరుకుతుంది. బలహీన అభిసరణ అంటే ప్రతి క్షణం విలువలు దగ్గరకు రానక్కరలేదు, ఏ కాలఖండం మీద సగటు తీసినా ఆ సగటులు దగ్గరకు వస్తే చాలు. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్ రెక్కలు విడిగా కనబడక పలచటి పళ్లెంలా కనిపిస్తాయే, అలా. ఆన్-ఆఫ్ ప్లాన్లు బలహీనంగా 40 శాతానికి చేరతాయి.

ఆ తరువాత మూడు ప్రశ్నలు. ఆ హద్దు, అంటే అనుక్రమం బలహీనంగా చేరిన ప్లాన్, మనం ఒప్పుకున్న సమితిలోనే ఉందా? సమితి కుంభాకారం, సంవృతం అయితే ఉంటుంది, ఇది గణితజ్ఞుడు మజూర్ ఇచ్చిన ఫలితం. 0, 1 మాత్రమే ఉన్న సమితి కుంభాకారం కాదు, అందుకే 40 శాతం దాని బయట పడింది. రెండోది: మీటలు బలహీనంగా చేరితే ఉష్ణోగ్రతలూ తేమలూ వాటికి సరిపడే హద్దుకే చేరతాయా? రేఖీయ ఉష్ణ సమీకరణంలో చేరతాయి, అదీ బలంగా చేరతాయి, ఎందుకంటే విసరణ (వేడి, తేమ పాకి పరుచుకోవడం) చిన్న అలల్ని మింగేస్తుంది. సెంటీమీటరు మందం ఉన్న పప్పు లోపలికి వేడి పాకడానికి పట్టేది సుమారు నాలుగు నిమిషాలు, కాబట్టి సెకన్లలో జరిగే ఆన్-ఆఫ్ పప్పు నడిమికి తెలియనే తెలియదు. మూడోది: ఖర్చు దిగువ అర్ధ అవిచ్ఛిన్నమా? అంటే హద్దు దగ్గర ఖర్చు హఠాత్తుగా పైకి ఎగరకుండా ఉందా? కుంభాకార పదాలకు ఈ గుణం ఉంటుంది. ఆ జరిమానా పదం పుటాకారం, అంటే బోర్లించిన గిన్నె వంపు. అనుక్రమం పొడవునా సున్నా, హద్దులో 0.24. ఎగిరింది.

ఈ చట్రాన్ని పాక్షిక అవకలన సమీకరణాలకు (ఉష్ణ సమీకరణంలా కాలంతోనూ చోటుతోనూ మారేవాటిని చెప్పేవి) పద్ధతిగా అమర్చినవాడు ఫ్రెంచ్ గణితజ్ఞుడు జాక్ లూయీ లియోన్స్, 1968లో వచ్చిన తన పుస్తకంలో. పని చేసేవాళ్లకు అందులో పెద్ద సాయం ఏమిటంటే, జవాబు కుదరనప్పుడు పై మూడు ప్రశ్నల్లో ఏది తప్పిందో వెతికితే ఏ బోల్టు బిగించాలో తెలుస్తుంది. అలా వెతికే ఇక్కడ మూడో ప్రశ్న దగ్గర పట్టుకున్నాం.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. చాలామంది మీట వర్గం మీద చిన్న గుణకం కట్టి, ఉనికి కోసం అది తప్పనిసరి అంటారు. మీటకు పై హద్దూ కింది హద్దూ ఉన్నప్పుడు ఉనికికి అది అక్కరలేదు. హద్దులు లేని లెక్కలో కావాలి. అక్కడ గరుకైన లక్ష్యాన్ని వెంటాడే అనుక్రమం అనంతమైన శక్తి వైపు పారిపోతుంది, ఎందుకంటే ఉష్ణ సమీకరణం నునుపు చేసేదే గాని గరుకు లక్ష్యాన్ని అందుకునేది కాదు.

జవాబు తిరిగి రావడం

మూడు దారులున్నాయని యజమానికి చెప్పాను. జరిమానా పదం తీసేసి 0 నుంచి 1 మొత్తం వాడుకోవడం ఒకటి, దానికి కాంటాక్టర్ బదులు సాలిడ్ స్టేట్ రిలే (కదిలే పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ స్విచ్) కావాలి. రెండు సెకన్ల కిటికీలో 40 శాతం సమయం కరెంటు వదిలితే, మన ఖాళీ అర లెక్కన ఊగుడు 0.04 డిగ్రీ. గణితంలో బలహీన హద్దు అనేదాన్ని ఆ రిలే చేతల్లో చూపిస్తుంది. రెండో దారి: ఆన్-ఆఫ్‌గానే ఉంచి, ఒకసారి మారితే కనీసం రెండు నిమిషాలు కదలకూడదని షరతు పెట్టడం. అప్పుడు స్విచ్చింగుల సంఖ్యకు హద్దు వస్తుంది, మారే సమయాలు ఒక సంహత సమితిలో (ఏ అనుక్రమానికైనా అందులోనే చేరే ఉపానుక్రమం ఉండే సమితిలో) ఉంటాయి, కుంభాకారత లేకున్నా జవాబు ఉంటుంది. మూడోది ప్రతి స్విచ్చింగుకూ ఖర్చు వేయడం. మొత్తం మార్పుకు హద్దు ఉన్న ప్రమేయాల అనుక్రమం నుంచి బలంగానే అభిసరించే ఉపానుక్రమం దొరుకుతుంది కాబట్టి అదీ పనిచేస్తుంది. కానీ ఆ ఖర్చు ఎంత పెట్టాలో చెప్పే ఆధారం యూనిట్‌లో ఏదీ లేదు, అందుకే నేను దాన్ని పక్కన పెట్టమన్నాను.

ఒక బోర్మాకు రిలే పెట్టారు. రెండోదాన్ని కాంటాక్టర్ మీదే ఉంచి, ముందు 0 నుంచి 1 లెక్క చేసి, వచ్చిన జవాబును ఆన్-ఆఫ్‌గా మార్చాం. ఎలాగంటే, ఆ ముక్క చివరిదాకా ఇవ్వాల్సిన శక్తికీ అంతకుముందు దాకా ఇచ్చిన శక్తికీ తేడాను మోసుకుంటూ పోతాం. తేడా సగం ముక్క దాటితే ఆ ముక్కలో ఆన్, లేకపోతే ఆఫ్. ఈ పద్ధతిలో ఒక్క మీట ఉన్నప్పుడు బాకీ ఎప్పుడూ సగం ముక్క మించదు. రెండు నిమిషాల ముక్కతో ఊగుడు అక్కడివాళ్లు ఒప్పుకునే హద్దులోనే ఉంది.

ఫ్యాన్ సంగతి, ట్రే పలకల సంగతి

యజమాని ఇంతటితో ఆగలేదు, ఫ్యాన్ వేగం కూడా లెక్కలో పెట్టమన్నారు. ఇక్కడ కథ మారుతుంది. ఫ్యాన్ వేగం, గాలికీ పప్పుకూ ఉన్న ఉష్ణోగ్రత తేడా ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. రెండు బలహీన హద్దుల లబ్ధం లబ్ధపు హద్దు కానక్కరలేదు. కానీ ఉష్ణోగ్రత బలంగా చేరుతుంది కాబట్టి బలమూ బలహీనమూ కలిసిన లబ్ధం సరిగ్గా చేరుతుంది. ఆ బలమైన అభిసరణకు ఆధారం 1963లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఓబన్ ఇచ్చిన, లియోన్స్ పేరుతో కలిపి చెప్పే సంహతత్వ ఫలితం.

మెలిక ఇంకొకటుంది. వేడి అందే గుణకం ఫ్యాన్ వేగంతో సరళంగా పెరగదు, ఒకటి కంటే తక్కువ ఘాతంతో పెరుగుతుంది. వేగాన్నే మీటగా పెట్టుకుంటే సగటు వేగానికి వచ్చే గుణకమూ గుణకాల సగటూ వేరవుతాయి, రెండో ప్రశ్న దగ్గర రుజువు విరుగుతుంది. కాబట్టి వేగాన్ని వదిలి గుణకాన్నే మీటగా తీసుకున్నాం. అది ఒక అంతరంలో ఉంటుంది, సమీకరణంలోకి సరళంగా వస్తుంది. ఫ్యాన్ కరెంటు వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి గుణకం భాషలో రాస్తే ఘాతం మూడు కంటే ఎక్కువే, కుంభాకారం చెడదు. జవాబు వచ్చాక గుణకం నుంచి వేగం వెనక్కి లెక్కగట్టి డ్రైవ్‌కు (ఫ్యాన్ వేగాన్ని మార్చే యంత్రానికి) ఇస్తాం. చేతిలో ఉన్న భౌతికశాస్త్రం మారలేదు, చలరాశిని మార్చుకుంటే ఉనికి దక్కింది. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన మెట్టు ఇదే.

షిఫ్టును 4 గంటల్లో ముగించాలి, గాలి 80 దాటకూడదు, తేమ 5 శాతం లోపు ఉండాలి అని మూడు షరతులూ ఒకేసారి పెట్టినప్పుడు సాల్వర్ కుదరదని తిప్పికొట్టింది. ఇక్కడ అనుక్రమాల దాకా వెళ్లే అవసరమే లేదు, ముందు సమితి ఖాళీగా ఉందో లేదో చూడాలి. మా మోడల్‌లో వేడి ఎక్కువైతే తేమ తగ్గడమే గాని పెరగడం ఉండదు, కాబట్టి మొదటి నుంచీ 80 దగ్గరే నడిపిన ప్లాన్ అన్నిటికంటే ఆరబెట్టేది. ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి ఆ ఒక్క ప్లాన్ పరీక్షిస్తే 4 గంటలకు తేమ దిగలేదు. అది దిగకపోతే ఇంకేదీ దిగదు. సమయం 6 గంటలకు పెంచాక సమితి ఖాళీ కాలేదు, లెక్క నడిచింది. ఎవరైనా షరతుల జాబితా ఇస్తే ముందు ఈ కొసన ఉన్న ప్లాన్ నడిపి చూడమంటాను, ఐదు నిమిషాల పని.

చివరిగా ట్రేల మధ్య పెట్టే చిల్లుల పలకల్లో చిల్లులు ఎక్కడ, ఎంత ఉండాలో కూడా ప్రోగ్రామ్‌నే చెప్పమన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. అక్కడ మీట సమీకరణపు ప్రధాన గుణకంలోకే, విసరణ గుణకంలోకే దూరుతుంది. అక్కడ చేరేది ఉష్ణోగ్రత వాలు, అదీ బలహీనంగానే. బలహీనమూ బలహీనమూ గుణించుకుంటాయి, రుజువు నిలబడదు. ఇలాంటి లెక్కలకు జవాబు లేకపోవచ్చని ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫ్రాన్స్వా ముర్రా 1970ల మొదట్లోనే ప్రతి ఉదాహరణలు ఇచ్చాడు. ఆయనా లూక్ తార్తారూ కలిసి కట్టిన సిద్ధాంతం ప్రకారం చిల్లులు ఇంకా ఇంకా సన్నబడుతూ చివరికి కొత్త మిశ్రమ పదార్థంగా మారతాయి, దిక్కును బట్టి వాహకత మారే పదార్థంగా. కంప్యూటర్ ముక్కకో చిల్లు చొప్పున సన్నటి జల్లెడ గీస్తుంది, దాన్ని ఏ ఫ్యాబ్రికేటరూ చెయ్యలేడు. చిల్లు సైజుకు కింది హద్దు పెట్టి, ఐదారు నమూనాల్లో ఒకటి ఎంచుకోమని చెప్పాను. పరిమిత సంఖ్యలో ఉన్నప్పుడు ఉత్తమమైనది ఎప్పుడూ ఉంటుంది.

ప్రస్తుతం నడుస్తున్న మోడల్‌లో తేమ విసరణ గుణకం ఉష్ణోగ్రతతో మారుతుంది, ఎందుకంటే నిజంగా మారుతుంది కాబట్టి. ఉష్ణోగ్రత బలంగా చేరుతుంది కనుక ఉనికి రుజువు అక్కడా నిలుస్తుంది. కానీ మీట నుంచి తేమకు వెళ్లే దారి ఇక సరళం కాదు, మొత్తం ఖర్చు కుంభాకారం కాదు, జవాబు ఒక్కటే అని చెప్పలేం. అందుకని ఆపరేటర్‌కు ఇచ్చిన సూచనలో ఇలా రాశాం: లెక్కను ఫుల్ హీటర్ నుంచి ఒకసారి, 40 శాతం నుంచి ఒకసారి, సున్నా నుంచి ఒకసారి మొదలుపెట్టాలి. మూడు ఖర్చుల్లో తక్కువది వాడాలి. ముక్కను సగం చేసి మళ్లీ నడిపినప్పుడు స్విచ్చింగులు రెట్టింపైతే ప్లాన్‌ను బోర్మాకు పంపకుండా నాకు ఫోన్ చెయ్యాలి. ఆ సూచన తెలుగులోనూ ఒడియాలోనూ ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించి ఉంది.